ప్రతి కాగితానికీ నిందితుడి సంతకమే అడిగారు: ఒక హత్య కేసు వెనక నడిచిన సివిల్ ఫైలు

ఈ ఫైలు నా దగ్గరికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయరుగా వచ్చింది. పేర్లు, ఊళ్లు రాయడం లేదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. చట్టాన్ని, కాగితాల వరసను మాత్రం ముట్టుకోలేదు. లా జర్నల్స్‌లో వచ్చేంత కేసు కాదిది. ప్యానెల్‌లో కొత్తగా చేరిన జూనియర్లు "బాధితుల తరఫున సివిల్ పని అంటే ఏముంటుంది మేడమ్, డీవీసీ (గృహహింస కేసు), మెయింటెనెన్సే కదా" అంటుంటారు. ప్రతిసారీ ఈ కేసే చెప్పాల్సి వస్తోంది కాబట్టి రాసి పెడుతున్నాను.

2024 చివర్లో ఒక రాత్రి 31 ఏళ్ల ఆవిడ తన ఇంట్లోనే హత్యకు గురైంది. నిందితుడు భర్త. మర్నాడే అరెస్టు, రిమాండు. కొత్త చట్టాలు అప్పటికే అమల్లోకి వచ్చాయి కాబట్టి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 103 కింద ఎఫ్‌ఐఆర్ అయింది. ఆవిడ ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది, డ్వాక్రా గ్రూపులో సభ్యురాలు. ఇద్దరు పిల్లలు: బాబుకి 9 ఏళ్లు, పాపకి 4. ఆ రాత్రి బాబు పక్క గదిలో ఉన్నాడు. పోలీసులు వాణ్ని సాక్షుల జాబితాలో పెట్టారు. అంత్యక్రియల సాయంత్రమే అమ్మమ్మ, తాతయ్య పిల్లల్ని తమ ఊరికి తీసుకెళ్లిపోయారు. ఇద్దరూ వ్యవసాయ కూలీలే.

క్రిమినల్ కేసు దాని దారిన అది నడుస్తోంది. పోలీసులున్నారు, పీపీ (ప్రభుత్వ లాయరు) గారున్నారు, ఛార్జిషీటు గడువులోపే పడింది. బయటి నుంచి చూస్తే ఎక్కడా లోటు కనిపించదు.

మొదట వచ్చింది తాతయ్య. మా ఊళ్లో జనం న్యాయ సేవాధికార సంస్థ అనరు, లోక్ అదాలత్ ఆఫీసంటారు. ఆయన ఎవరో చెబితే వచ్చి, ముందు బల్ల దగ్గర తన గోడు చెప్పుకుంటే, "ఆదాయ ధ్రువీకరణ పత్రం తీసుకురా పెద్దాయనా" అన్నారు. ఆయన సచివాలయం చుట్టూ మూడు వారాలు తిరిగాడు. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు. సర్టిఫికెట్ రాలేదు. మళ్లీ మా ఆఫీసుకీ రాలేదు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లో సెక్షన్ 12 ఎవరికి ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలో చెబుతుంది. అందులో మనుషుల అక్రమ రవాణా బాధితులున్నారు, అల్లర్ల బాధితులున్నారు, విపత్తు బాధితులున్నారు. మామూలు నేర బాధితుడు అనే వర్గం విడిగా లేదు. కానీ స్త్రీలు, పిల్లలు ఉన్నారు, వాళ్లకి ఆదాయంతో పనే లేదు. అంటే అదే దరఖాస్తు తాతయ్య పేరున కాకుండా అమ్మమ్మ పేరునో, పిల్లల పేరునో రాసుకుని ఉంటే ఆ మొదటి రోజే నంబరు పడేది. తాతయ్య పేరునే పెట్టినా, ఆదాయం గురించి ఆయన ఇచ్చే అఫిడవిట్‌ని సెక్షన్ 13 కింద నమ్మి తీసుకోవచ్చు. మూడు వారాలు పోయింది చట్టం లేక కాదు, "పిల్లలు ఎవరి దగ్గరున్నారు" అని ఆ బల్ల దగ్గర ఎవరూ అడగక.

అమ్మమ్మని తీసుకొచ్చింది ఒక పారాలీగల్ వాలంటీరు, అంటే మా సంస్థ తరఫున ఊళ్లలో తిరిగే కార్యకర్త. వాళ్ల పక్క ఊరి అమ్మాయే, డ్వాక్రా మీటింగులో ఈ సంగతి చెవిన పడిందట.

ఆవిడ కూర్చోగానే అడిగింది ఒక్కటే: "కేసు ఎప్పుడు తేలుద్ది లాయరమ్మా?" అది నా చేతిలో లేదని చెప్పాను. తర్వాత నేను అడగడం మొదలుపెట్టాను. పిల్లలు బడికి వెళ్తున్నారా? ఇల్లు ఎలా గడుస్తోంది? ఎవరైనా వచ్చి బెదిరించారా? కూతురికి బ్యాంకులో ఏమన్నా ఉందా? అప్పటిదాకా ఈ ప్రశ్నలు ఎవరూ అడగలేదని ఆవిడ ముఖం చూస్తేనే తెలిసింది.

ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. బాబుని ఊళ్లో బడిలో చేర్చాలంటే టీసీ కావాలన్నారు. పాత బడికి వెళ్తే టీసీ ఫారం మీద తండ్రి సంతకం కావాలన్నారు. బ్యాంకుకి వెళ్తే కూతురి ఖాతాలకి అల్లుడు నామినీ, ఆయన సంతకం లేనిదే కుదరదన్నారు. పాప ఆధార్‌లో అడ్రస్ మార్చబోతే తండ్రి కావాలన్నారు. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రంలో మొదటి పేరు అల్లుడిదే. "నా కూతుర్ని చంపినోడి సంతకం కోసం నన్ను జైలుకెళ్లమంటున్నారమ్మా" అంది. అతిశయోక్తి ఏమీ లేదు, ఒక గుమస్తా నిజంగానే ఆ మాట అన్నాడట: "జైల్లో ములాఖత్ ఉంటుంది కదా, అక్కడ పెట్టించుకో."

బడి సంగతి తేలిక. విద్యా హక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడిలో చేర్చుకోవడం ఆపకూడదు. హెడ్మాస్టరు గారికి ఒక ఉత్తరం, సంస్థ కార్యదర్శి గారి సంతకంతో. నాలుగో రోజున బాబు బడిలో ఉన్నాడు. మిగతావి అలా తేలలేదు.

అమ్మమ్మ ప్లాస్టిక్ కవరులోంచి తీసిన వాటిలో కూతురి పాస్‌బుక్ ఉంది. అట్ట మీద పసుపు మరక. ప్రింటయిన చివరి పేజీలో ఎక్కువ భాగం వంద, రెండు వందలు జమలు, కుట్టుకూలి. మధ్యలో మే నెలాఖరున రెండు డెబిట్లు: ఒకటి 436 రూపాయలు, ఇంకోటి 20 రూపాయలు. క్లయింటు పాస్‌బుక్ ఏదొచ్చినా ముందు మే నెలాఖరు చూడటం నాకు అలవాటు. 436 అంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 అంటే సురక్షా బీమా. ఒక్కోటి 2 లక్షలు. మొదటిది ఏ కారణంతో పోయినా వస్తుంది. రెండోది ప్రమాద బీమా, కానీ హత్యకు గురైనా వర్తిస్తుంది. రెంటికీ జూన్ 1 నుంచి మే 31 దాకా కవరు. అంటే ఆవిడ చనిపోయే నాటికి రెండూ బతికే ఉన్నాయి. అవి కాక ఇంకో కాగితం, చీటీ పాడిన డబ్బుతో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు, 2 లక్షల 40 వేలు. కూలి చేసుకునే ఆ ఇంట్లో ఈ సొమ్ము ఉందనే ఎవరికీ తెలియదు. నామినీ అన్నింట్లోనూ భర్తే.

అసలు భయం అక్కడ. నామినీ జైల్లో ఉన్నా క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టి, తమ్ముడి చేత పంపితే? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఫ్యామిలీ పెన్షన్ నిబంధనల్లో దీనికి దారి రాసి పెట్టారు: హత్యారోపణ ఉన్న కుటుంబ సభ్యుడికి కేసు తేలేదాకా ఇవ్వరు, అర్హులైన వేరేవాళ్లకి ఇస్తారు. ఆ బ్యాంకు కౌంటర్లో అలాంటి నిబంధన చూపించగలిగినవాళ్లు నాకు కనబడలేదు. అందుకే ఆ సాయంత్రమే బ్యాంకుకి, రెండు బీమా కంపెనీలకి నోటీసులు పంపాను: ఎఫ్‌ఐఆర్ కాపీ జతపరుస్తున్నాం, మైనర్ వారసులున్నారు, కోర్టు ఉత్తర్వు లేకుండా ఎవరికీ చెల్లించవద్దు. రిజిస్టర్డ్ పోస్టు ఖర్చు సంస్థదే. ఈ ఫైలంతటిలో ఎక్కువ పని చేసింది ఆ ఒక్క పేజీయే. నెల తిరక్కుండా ఆ తమ్ముడే, పిల్లల బాబాయి, క్లెయిమ్ ఫారంతో బ్యాంకుకి వచ్చాడని, మేనేజరు మా నోటీసు చూపించి పంపేశాడని తర్వాత తెలిసింది.

ఇక్కడే నేను ఒక తప్పు చేశాను. డబ్బు కళ్ల ముందు కనబడేసరికి ముందు వారసత్వ ధ్రువపత్రం, అదే సక్సెషన్ సర్టిఫికెట్, దాని మీద పడ్డాను. భారత వారసత్వ చట్టం, 1925 సెక్షన్ 372 కింద పిల్లల పేరున, అమ్మమ్మ నెక్స్ట్ ఫ్రెండ్‌గా (మైనర్ల తరఫున కేసు నడిపే పెద్దమనిషిగా) పిటిషన్ వేశాను. రిటర్న్ అయింది. మైనర్ల సొమ్ము ఎవరి చేతికి రావాలో సంరక్షకత్వ ఉత్తర్వు ఏదని ఆఫీసు అభ్యంతరం. సరిచేసి మళ్లీ వేసి, మళ్లీ రిటర్న్ అయ్యి, ఆరు వారాలు. అభ్యంతరంతో వాదించొచ్చు, కానీ వాదించి గెలిచినా లాభం లేదు. పిల్లల విషయం తేలకుండా డబ్బు విషయం తేలదు. సంరక్షకత్వ పిటిషన్, అదే గార్డియన్ ఓపీ, మొదటి రోజే వేయాల్సింది.

దానికి తొందర వేరే దిక్కు నుంచి కూడా వచ్చింది. నాన్నమ్మ, తాతగారు లాయర్ నోటీసు పంపారు: మనవల్ని మాకు అప్పగించండి. దానికి జైల్లో ఉన్న కొడుకు సంతకం పెట్టిన అంగీకార పత్రం జతచేశారు. కాగితం మీద చూస్తే వాళ్లది బలమే. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, 1956 ప్రకారం తండ్రి సహజ సంరక్షకుడు. జైల్లో ఉన్నంత మాత్రాన ఆ హోదా దానంతట అదే పోదు. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890 సెక్షన్ 19 ఇంకో మెలిక పెడుతుంది: తండ్రి బతికి ఉండి, అనర్హుడని కోర్టు అనుకోకపోతే, వేరే సంరక్షకుణ్ణి నియమించకూడదు.

నేను నాన్నమ్మని విలన్ చేయదలుచుకోలేదు. పాపని రెండేళ్ల దాకా పెంచింది ఆవిడే. కోర్టు వరండాలో పాపని చూసి ఆవిడ ఏడ్చిన ఏడుపు నటన కాదు. కానీ తొమ్మిదేళ్ల బాబు హత్య కేసులో ప్రధాన సాక్షి. వాడు ఎవరింట్లో అన్నం తింటాడో సాక్ష్యం ఆ ఇంటి గడపలోనే ఉన్నట్టు. ఎవరూ బెదిరించక్కర్లేదు. "మీ నాన్న బయటికి రావాలంటే నీ చేతుల్లోనే ఉంది నాన్నా" అని రోజూ ముద్ద కలిపి పెడుతూ అంటే చాలు. కస్టడీ కేసు సివిలే, దాని మీద ఆధారపడ్డది మాత్రం సెషన్స్ కేసు. జూనియర్లకి నేను ఎక్కువ సేపు చెప్పేది ఈ భాగమే.

పిటిషన్ రాయడం కత్తి మీద సామే అయింది. ఆ రాత్రి బాబు ఏం చూశాడో వివరంగా రాస్తే ఫ్యామిలీ కోర్టులో జడ్జిగారి మనసు కదులుతుంది, నిజమే. కానీ అమ్మమ్మ ప్రమాణం చేసి ఇచ్చిన అఫిడవిట్‌లో "పిల్లవాడు నాతో ఇలా చెప్పాడు" అని ఒక్క వాక్యం ఉన్నా, రేపు సెషన్స్ కోర్టులో ఆవిడ క్రాస్‌లో (ఎదుటి లాయరు ప్రశ్నించేటప్పుడు) అది బయటికొస్తుంది. మెజిస్ట్రేటు ముందు బాబు ఇచ్చిన వాంగ్మూలంలో "తలుపు సందులోంచి చూశాను" అని ఉండి, మా పిటిషన్‌లో "కిటికీలోంచి" అని పడిందనుకోండి, డిఫెన్సు లాయరుకి అంతకన్నా ఏం కావాలి? అందుకే ఆ రాత్రి గురించి మేం రాసింది ఒక్క వాక్యం: ఫలానా క్రైమ్ నంబరు కేసు నమోదైంది, తండ్రి జ్యుడీషియల్ రిమాండులో ఉన్నాడు. నష్టపరిహారం దరఖాస్తులోనూ అంతే. టైపిస్టు ఇంకాస్త కన్నీళ్లు పెట్టిద్దామన్నా ఒప్పుకోలేదు.

మరి తండ్రి అనర్హుడని ఎలా చూపాలి? నేరం రుజువు కాలేదు, అప్పటిదాకా ఆయన నిర్దోషి కిందే లెక్క. ఆయన హంతకుడని ఈ కోర్టులో నిరూపించాల్సిన పనే లేదని మా వాదన. ఈ రాత్రి పాపకి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లే స్థితిలో ఆయన లేడు, పైగా ఆయన మీద కేసులో ఆయన కొడుకే సాక్షి. ఈ రెండూ ఒప్పుకున్న విషయాలే. పిల్లల సంక్షేమమే ముఖ్యమని 1956 చట్టం సెక్షన్ 13 చెబుతుంది. మధ్యంతర కస్టడీకి 1890 చట్టం సెక్షన్ 12 కింద ఐఏ (మధ్యంతర అర్జీ) వేశాం. బాబు బడి హాజరు రికార్డు, ఆశా కార్యకర్త దగ్గరున్న పాప టీకాల కార్డు జతచేశాం. జడ్జిగారు బాబుతో ఛాంబర్‌లో ఇరవై నిమిషాలు ఒక్కరే మాట్లాడారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు. బయటికొచ్చాక వాడు "ఆ సారు చాక్లెట్ ఇచ్చారు, పాపకి కూడా ఒకటి అడిగాను" అన్నాడు.

మధ్యంతర ఉత్తర్వు ఐదో వారంలో, తుది ఉత్తర్వు ఏడో నెలలో వచ్చాయి. అమ్మమ్మ సంరక్షకురాలు. నాన్నమ్మకి నెలకోసారి, రెండో ఆదివారం, మా సంస్థ భవనంలోనే రెండు గంటలు, పారాలీగల్ వాలంటీరు సమక్షంలో పిల్లల్ని చూసే వీలు. కేసు గురించి మాట్లాడకూడదని షరతు. ఆ షరతు మేమే అడిగాం, చూసే వీలు కూడా మేమే ముందు ప్రతిపాదించాం. అడగకుండా ఇస్తే కొట్లాట తగ్గుతుందని నా అనుభవం.

ఈ మధ్యలో ఒక రోజు అమ్మమ్మ నా మీద విరుచుకుపడింది. సక్సెషన్ పిటిషన్‌లో భర్త ప్రతివాది. జైలుకి నోటీసు వెళ్లింది. ఆయన తరఫున వకాలత్ వేసింది మా సంస్థ ప్యానెల్ లాయరే, బార్ రూంలో నా పక్క కుర్చీ. క్రిమినల్ కేసులోనూ ఆయనకి 2022లో వచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతిలో మా సంస్థ నుంచే లాయరు. "మాకు లాయర్ని ఇచ్చిందీ మీరే, ఆడికి ఇచ్చిందీ మీరేనా? ఇదేం ఆఫీసమ్మా?" దీనికి నా దగ్గర నున్నటి జవాబు లేదు. కస్టడీలో ఉన్న మనిషికి కూడా అదే సెక్షన్ 12 హక్కు ఇచ్చింది, లాయరు లేకుండా శిక్ష పడితే అప్పీల్లో అదే ఎదురు తిరుగుతుంది అని చెప్పాను. ఆవిడకి నచ్చలేదు. నచ్చాలని కూడా నేను అనుకోలేదు. కానీ ఆ రోజు నుంచి నా ఫైలు ఆఫీసు బీరువాలో ఉంచడం మానేశాను. ఆయన లాయరు మంచివాడే, అయినా రెండు ఫైళ్లూ ఒకే అరలో ఉండకూడదు. ప్రతి జిల్లాలో ఈ జాగ్రత్త రాతపూర్వకంగా ఉంటే బాగుండును.

డబ్బు సంగతికొస్తే, హిందూ వారసత్వ చట్టం, 1956 సెక్షన్ 15 ప్రకారం వీలునామా లేకుండా పోయిన స్త్రీ ఆస్తి మొదట కొడుకులకి, కూతుళ్లకి, భర్తకి సమానంగా. అంటే పిల్లలిద్దరికీ మూడింట రెండొంతులు, భర్తకి ఒక వంతు. సెక్షన్ 25 హత్య చేసినవాణ్ణి హతురాలి ఆస్తి నుంచి వెళ్లగొడుతుంది. సెక్షన్ 27 ప్రకారం అతను ఆమె కన్నా ముందే చనిపోయినట్టు లెక్క. కానీ తీర్పు రాకముందు సెక్షన్ 25 తేల్చమంటే సివిల్ కోర్టు "సెషన్స్ తీర్పు రానివ్వండి" అంటుంది. అలా ఆగితే పిల్లలకి రేపటి ఫీజు రాదు. అందుకని పిటిషన్ని రెండు ముక్కలు చేశాం. చనిపోయిన మనిషికి రావాల్సిన సొమ్ములో కొంత భాగానికి కూడా సర్టిఫికెట్ అడగొచ్చని సెక్షన్ 372లోనే ఉంది. పిల్లల రెండొంతులకి ఎవరికీ అభ్యంతరం ఉండటానికి లేదు, అవి ఇప్పుడు ఇవ్వండి. వివాదం ఉన్న ఒక వంతు సెషన్స్ కేసు తేలేదాకా కోర్టు పేరున డిపాజిట్‌లో ఉంచండి. ఎదుటి లాయరు కూడా దీనికి అడ్డు చెప్పలేకపోయాడు. చెబితే తన క్లయింటు కన్నపిల్లల వాటాకే ఎసరు పెడుతున్నట్టు కనబడుతుంది. కోర్టు ఫీజు, పేపరు ప్రకటన ఖర్చు సంస్థ కట్టింది.

బ్యాంకు డిపాజిట్ దగ్గర నామినీ వాదన నిలవలేదు. నామినీ అంటే డబ్బు అందుకునే చెయ్యి, సొంతదారు కాదు. సుప్రీంకోర్టు 1984లో సర్బతీ దేవి కేసులో చెప్పిన మాటే అది. బీమా దగ్గర అంత తేలిక కాలేదు. ఆ తీర్పు బీమా కేసులోదే అయినా, బీమా చట్టానికి 2015లో వచ్చిన సవరణ భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే వాళ్లే లబ్ధిదారులని చెబుతోంది. ఒక కంపెనీ దాన్నే పట్టుకుంది. తన నేరంతో తానే లాభపడకూడదన్న సూత్రం మీద మేం వాదించాం. జీవన్ జ్యోతి సొమ్ము కోర్టు ఉత్తర్వు ప్రకారమే కదిలింది.

డ్వాక్రా అప్పు కూడా ఒకటుంది. ఆవిడ వాటా కిస్తీలు మూడు నెలలు గ్రూపులో ఆడవాళ్లే కట్టుకున్నారు, పాపం. తర్వాత బ్యాంకు వాళ్లు అమ్మమ్మ చేత "నేను కడతాను" అని రాయించుకోబోయారు. పెట్టొద్దన్నాను. చనిపోయిన మనిషి అప్పు ఆమె వదిలి వెళ్లిన ఆస్తి మేరకే వారసుల మీద ఉంటుంది, పైగా పిల్లలు ఉండగా అమ్మమ్మ వారసురాలే కాదు. చివరికి అది డిపాజిట్ లెక్కలో సర్దుకుంది.

చేతికి మొదట వచ్చిన డబ్బు ఇవేవీ కావు. బాలల సంక్షేమ కమిటీ ముందు పిల్లల్ని హాజరుపరిచాం, మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ వచ్చింది: ఒక్కో పిల్లకి నెలకి 4,000. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు, వీళ్లది దాటలేదు. ఈ పథకానికి లాయరే అక్కర్లేదు. కానీ ఎవరో ఒకరు ఆ కమిటీ తలుపు చూపించాలి కదా.

తర్వాత బాధితుల పరిహారం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 357ఎ, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 396. చాలామంది లాయర్లు కూడా దీనికి శిక్ష పడేదాకా ఆగాలనుకుంటారు. అక్కర్లేదు, మధ్యంతరంగా అడగొచ్చు. మహిళా బాధితుల కోసం నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) 2018లో చేసిన పథకంలో ప్రాణనష్టానికి కనిష్ఠం 5 లక్షలు, గరిష్ఠం 10 లక్షలు. పిల్లల వాటాలో 80 శాతం మేజర్లయ్యేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది, వడ్డీ నెలనెలా పొదుపు ఖాతాలో పడుతుంది, చదువుకో వైద్యానికో అత్యవసరమైతే సంస్థ అనుమతితో తీసుకోవచ్చు. ఈ 80 శాతం నిబంధన విని తాతయ్య మొదట కోప్పడ్డాడు, "మా డబ్బు మీరు దాచేదేంటి" అని. ఆ నెలలోనే బాబాయి మధ్యవర్తిని పంపి "పరిహారంలో సగం ఇస్తే రాజీ" అన్నాక, డబ్బు బ్యాంకులో ఉండటమే మేలన్నాడు.

క్రిమినల్ కోర్టులో నా పాత్ర చిన్నది. బాధితుల లాయరు పీపీకి సాయం చేయాలే గానీ తానే సాక్షుల్ని ప్రశ్నించకూడదని 2019లో రేఖా మురార్కా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే బెయిల్ దశతో సహా ప్రతి దశలోనూ బాధితుల మాట వినాలని 2022లో జగ్‌జీత్ సింగ్ కేసులో చెప్పింది. నిందితుడు బెయిల్ అడిగినప్పుడు అమ్మమ్మ తరఫున మెమో వేశాను. జతచేసింది రెండే కాగితాలు: మా సంరక్షకత్వ ఉత్తర్వు, బాబాయి పంపిన రాజీ కబురు మీద స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు రసీదు. బెయిల్ రాలేదు. సాక్షుల రక్షణ పథకం, 2018 కింద కూడా దరఖాస్తు పెట్టాం. దాని ఫలితంగా బాబు సాక్ష్యం రోజున పోలీసు వాహనం వచ్చింది, కోర్టులో తెర కట్టారు. చీఫ్ (పీపీ అడిగేది), క్రాస్ అన్నీ కలిపి గంటన్నర. క్రాస్‌లో మా గార్డియన్ పిటిషన్ కాపీ డిఫెన్సు లాయరు చేతిలో చూశాను. అటూ ఇటూ తిప్పాడు, పక్కన పెట్టేశాడు.

ప్రస్తుతం ఎక్కడుంది అంటే: సెషన్స్ కేసులో డాక్టరు, ఇన్వెస్టిగేషన్ ఆఫీసరు సాక్ష్యాలు మిగిలాయి. జీవన్ జ్యోతి సొమ్ములో పిల్లల వాటాలు వాళ్ల పేరున పడ్డాయి. సురక్షా బీమా కంపెనీ ఇంకో కాగితం అడిగింది, పంపాం, జవాబు లేదు. పోలీసులు సీజ్ చేసిన నగలు, మంగళసూత్రంతో సహా, కేసు ప్రాపర్టీ కింద కోర్టులోనే ఉన్నాయి. వాటి తాత్కాలిక కస్టడీకి వేసిన పిటిషన్ కొట్టేశారు.

ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పిల్లల వాటా వడ్డీ మాత్రం ఆగింది. అమ్మమ్మ మొదటి దరఖాస్తులన్నింటి మీదా వేలిముద్రే వేసింది. తీరా ఈ ఏడాదిన్నరలో కూర్చోబెట్టి బాబు ఆవిడకి పేరు రాయడం నేర్పాడు. పోయిన నెల బ్యాంకులో ఫారం మీద, నేను చూస్తుండగానే, నాలుగు అక్షరాలు మెల్లగా దిద్ది సంతకం పెట్టింది. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, ఫారం చూసి, "రికార్డులో వేలిముద్ర ఉందండీ, సంతకం మ్యాచ్ కావట్లేదు" అంది. సంతకం మార్పు కోసం విడిగా దరఖాస్తు, ఇద్దరు సాక్షులు, గార్డియన్ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ కావాలట. కాపీకి అప్లికేషన్ వేశాను. వచ్చే మంగళవారం మళ్లీ వెళ్లాలి, ఎందుకైనా మంచిదని ఇంకు ప్యాడ్ కూడా పట్టుకెళ్తున్నాను.